ఆఫీసుకూ ఆటోక్రాస్‌కూ ఒకే సెట్ టైర్లు: ఒక కేసు వివరాలు

ఖాళీ పార్కింగ్ స్థలంలోనో పాత రన్‌వే మీదనో నారింజ రంగు కోన్లు పేర్చి, వాటి మధ్య కార్లను ఒక్కొక్కటిగా పరుగెత్తించి సమయం లెక్కగట్టే పోటీ ఆటోక్రాస్. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దీన్ని ‘సోలో’ పేరుతో నడుపుతుంది. చిన్న చిన్న క్లబ్బులు కూడా నడుపుతుంటాయి. ఒక పరుగు సాధారణంగా నిమిషంలోపే ముగుస్తుంది. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. రోజంతా ఎండలో నిలబడి, ఇతరులు పడగొట్టిన కోన్లు ఎత్తిపెట్టి, సాయంత్రం లెక్క చూసుకుంటే మనం నిజంగా కారు తోలింది నాలుగైదు నిమిషాలు. ఏడాదికి పది పోటీలకు వెళ్లినా మొత్తం గంట దాటదు. అదే కారు ఆ ఏడాదిలో ఆఫీసు దారిలో పదిహేను వేల మైళ్లు తిరుగుతుంది.

ఈ రెండు పనులకూ ఒకే సెట్ టైర్లు కావాలని నా దగ్గరకు చాలామంది వస్తారు. వారిలో ఒకరి కేసు ఇది. ఆయన ఒకదాని తర్వాత ఒకటిగా మూడు రకాల టైర్లు వాడి చూశారు. కారు అదే, డ్రైవరు ఆయనే, దారి కూడా అదే. అందువల్ల మామూలుగా అభిప్రాయాల స్థాయిలోనే ఆగిపోయే విషయాలను ఈ కేసులో కొలిచి చూసే వీలు దొరికింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఉత్తర టెక్సాస్‌లో టైర్లు, వీల్ అలైన్‌మెంట్ నా వృత్తి. కొన్ని వారాంతాల్లో కొత్తవాళ్ల పక్క సీట్లో కూర్చుని ఆటోక్రాస్ నేర్పుతాను. ఆయన ముప్పై దాటిన తెలుగు ఇంజనీరు. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న మొదటి తరం సుబారు బీఆర్‌జెడ్. తేలికపాటి కారు, ఇంజను శక్తి వెనుక చక్రాలకు వెళ్తుంది. నాలుగు చక్రాలకూ ఒకే కొలత, 215/45 ఆర్17. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. రిమ్ము వెడల్పు ఏడు అంగుళాలు. రోజూ రానూ పోనూ అరవై మైళ్లు, చాలావరకు కాంక్రీటు టోల్ రోడ్డు మీదే. ఉండేది అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. గ్యారేజీ లేదు, బాల్కనీలో టైర్లు పెట్టుకోవడానికి లీజు ఒప్పుకోదు.

మంచు బాగా కురిసే రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఇంత ఇబ్బంది పెట్టదు. చలికాలానికి ఎలాగూ వేరే సెట్ ఉంటుంది కాబట్టి వేసవి సెట్‌ను కాస్త ధైర్యంగా ఎంచుకోవచ్చు. టెక్సాస్‌లో ఏడాదిలో చాలా నెలలు వేసవి టైరుతో గడిచిపోతాయి. ఒక్క సెట్ చాలన్న ఆశ పుట్టేది అందుకే. కానీ ఏప్రిల్, మే నెలల్లో కుండపోత వానలుంటాయి, జులైలో తారు పెనంలా కాలుతుంది, ఏదో ఒక ఫిబ్రవరిలో చలి గడ్డకట్టిస్తుంది. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 సెల్సియస్ దరిదాపులకు పడిపోయింది. వేసవి టైరు ఏడు డిగ్రీల సెల్సియస్ కింద నుంచే పట్టు కోల్పోవడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే చలి ముదిరినప్పుడు కారును కదిపితే రబ్బరు పగిలే ప్రమాదం కూడా ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు.

వచ్చిన సమస్య

“అన్నా, మొదటి వరుసలో ఉన్నవాళ్లంతా రెండు వందల టైర్లే వాడుతున్నారు. నాకూ అవే వేసేయండి” అన్నారు రాగానే.

రెండు వందలంటే టైరు పక్క గోడ మీద అచ్చువేసే ట్రెడ్‌వేర్ అంకె. సోలోలో పెద్దగా మార్పులు చేయని కార్లకు ఉండే స్ట్రీట్ తరగతుల్లో ఆ అంకె కనీసం 200 ఉండాలని నియమం. దానికంటే తక్కువ ఉన్నవి పోటీ టైర్లతో సమానమని ఆ నియమం ఉద్దేశం. అసలు ఈ అంకె పుట్టింది వేరే పనికి. టెక్సాస్‌లోనే, శాన్ ఏంజిలో చుట్టూ దాదాపు 400 మైళ్ల మార్గంలో కార్ల బృందాన్ని 7,200 మైళ్లు నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల కొలుస్తారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే, 200 అంటే ఆ పరీక్షలో దానికి రెట్టింపు మన్నిక. అయితే తుది అంకెను వేసుకునేది తయారీదారే. పరీక్షలో వచ్చినదానికంటే తక్కువ వేసుకున్నా అడిగేవారు లేరు. పోటీ నియమం 200 దగ్గర గీత గీసింది కాబట్టి, పోటీలను దృష్టిలో పెట్టుకుని చేసే టైర్లన్నీ ఆ గీత మీదకే వచ్చి చేరాయి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052, హాంకూక్ ఆర్ఎస్4 అన్నింటి మీదా 200 అనే ఉంటుంది. వీటిలో ఆర్ఎస్4 మిగతా రెండింటికంటే చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. ఒకే అంకె చూసి మూడింటికీ ఒకే ఆయుష్షు ఉందనుకుంటే జేబుకు చిల్లు పడుతుంది. ఇది ఆయనకు చెప్పాను. విన్నారు, కానీ మనసు అప్పటికే ఆ టైర్ల మీద పడిపోయింది.

ఏది వేయాలన్నది తేల్చేముందు కారు మీద ఉన్నవాటిని చూడటం నా పద్ధతి. పాత టైర్లు డ్రైవరు గురించీ కారు గురించీ చాలా చెబుతాయి. ఆయన కారుకు ఉన్నవి ఆల్ సీజన్ టైర్లు. పక్క గోడ మీది నాలుగంకెల తేదీ, అంటే ఏ వారం ఏ ఏడు తయారైందో చెప్పే ముద్ర, చూస్తే ఆరేళ్లు దాటాయి. ముందు రెండింటికీ బయటి అంచు గరుకుగా తురిమినట్టు ఉంది, అక్కడక్కడ రబ్బరు ముక్కలు లేచిపోయాయి. లోపలి అంచు మాత్రం దాదాపు కొత్తదానిలా ఉంది. గాలి 44 పీఎస్ఐ. ఎందుకంత అని అడిగితే టైరు మీద రాసి ఉందన్నారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. ఈ కారుకు ఎంత కావాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద ఉంటుంది. అక్కడ ఉన్నది 35.

ఆయన ఫిర్యాదు ‘పట్టు చాలడం లేదు’ అని. పక్కన కూర్చుని చూసినప్పుడు నాకు కనిపించింది కొంచెం వేరు. మలుపులోకి మరీ వేగంగా వెళ్తున్నారు, స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు తిరగక బయటికి జారుతున్నాయి, ఆయన ఇంకా తిప్పుతున్నారు. ఆ ఎక్కువ తిప్పడం వల్లే ముందు టైరు బయటి అంచు మీదకు ఒరిగి తురుముకుపోతోంది. ఈ కారు ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చిన క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం, దాదాపు సున్నా. నిటారుగా నిలబడ్డ చక్రం, కారు ఒరిగినప్పుడు బయటికి వాలుతుంది, బరువంతా ఒక్క అంచు మీద పడుతుంది. కాబట్టి నా లెక్కలో సమస్యలు మూడు: పాతబడ్డ రబ్బరు, చక్రం నిలబడే కోణం, డ్రైవరు చేతులు. టైరు మార్చితే వీటిలో ఒక్కటే తీరుతుంది.

మొదటి నిర్ణయం: అడిగినవే వేశాం

నా సలహా వేరు. ముందు క్యాంబర్ సరిచేసుకుని, ఒక మెట్టు కింది వేసవి టైర్లు వేసుకోమన్నాను. ఆయన రెండు కారణాలతో వద్దన్నారు. ఒకటి, క్యాంబర్ పెడితే టోల్ రోడ్డు మీద లోపలి అంచు తినేస్తుందని ఎవరో చెప్పారు. రెండోది, సీజను మొదలవబోతోంది, ఇంకో ఏడాది వెనకబడి ఉండటం ఇష్టం లేదు.

అయినా సరేనన్నాను. పాత టైర్లు ఎలాగూ తీసేయాల్సినవే కాబట్టి కొత్తవి కొనడం వృథా ఖర్చు కాదు. ఎండాకాలమంతా ముందుంది కాబట్టి వెంటనే చలి భయం లేదు. పైగా కొందరికి స్వయంగా వాడి చూస్తే తప్ప నమ్మకం కుదరదు. ఒక షరతు పెట్టాను. నెలకోసారి వచ్చి ప్రతి టైరు మీద లోపల, మధ్యలో, బయట మూడు చోట్లా ట్రెడ్ లోతు, అంటే నేలను తాకే భాగంలోని గాడుల లోతు, కొలిపించుకోవాలి. పోటీల ఫలితాలు కూడా రాసి పెట్టాలి, అయితే సొంత సమయం రాసుకుంటే లాభం లేదు. ప్రతి పోటీకీ కోన్ల దారి మారుతుంది, పోయిన నెల 52 సెకన్లకూ ఈ నెల 47 సెకన్లకూ పోలికే లేదు. అందుకని అదే రకం కారు, అవే టైర్లతో ఏళ్లుగా నిలకడగా తోలే ఒక పాత సభ్యుణ్ణి కొలతకర్రగా పెట్టుకున్నాం. ఆయనకూ మనకూ తేడా ఎంత, అదొక్కటే రాయాలి.

మొదటి పోటీలోనే తేడా సెకనున్నరకు పైగా తగ్గింది. ఆయన సంతోషం సహజమే. మిగతా సంగతులు నెమ్మదిగా బయటపడ్డాయి.

ఎక్కడ బెడిసింది

మొదట వచ్చిన ఫిర్యాదు మోత. కాంక్రీటు రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు, పెద్ద పెద్ద ట్రెడ్ దిమ్మలు చేసే హోరుకు ఫోనులో మాట వినపడటం లేదన్నారు. ఇది భరించదగిన కష్టమే. దాని గురించి ఎక్కువ చెప్పను.

రెండోది చిన్నది కాదు. ఇలాంటి టైర్లు కొత్తగా ఉన్నప్పుడే ట్రెడ్ 7/32 లేదా 8/32 అంగుళం లోతు ఉంటుంది. మామూలు వేసవి టైరుకు అది 9/32 పైచిలుకు. చట్టం ఒప్పుకునే కనిష్ఠం 2/32 కాబట్టి, అరగడానికి ఉన్న రబ్బరు మొదట్నుంచే తక్కువ. దాని మీద గాడుల సంఖ్య కూడా తక్కువ. ఎండిన రోడ్డు మీద ఎంత రబ్బరు నేలను తాకితే అంత పట్టు, కాబట్టి పోటీ కోసం చేసేవాళ్లు గాడులు తగ్గిస్తారు. వాన నీరు బయటికి పోవాల్సిన దారులు అవే గాడులు. వేసినప్పుడు తడి రోడ్డు మీద కూడా ఆయనకు ఇబ్బంది అనిపించలేదు, ఎందుకంటే ఈ రబ్బరు తడిసిన తారును కూడా గట్టిగానే పట్టుకుంటుంది. మోసం అక్కడే ఉంది. తడి వేరు, నిలిచిన నీరు వేరు.

శరదృతువులో ఒక పోటీ ముగించుకుని ఇంటికి వెళ్తుండగా పెద్ద వాన పట్టుకుంది. టోల్ రోడ్డు కుడి వరుసలో నీరు నిలిచిన చోట కారు ముందు భాగం తేలిపోయింది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. అదృష్టవశాత్తూ ఏమీ తగల్లేదు. మర్నాడు వచ్చినప్పుడు ముందు టైర్లలో గాలి కొలిచాను. 28 పీఎస్ఐ. మధ్యాహ్నం పరుగుల మధ్య టైర్లు వేడెక్కి పీడనం పెరుగుతుంటే కొంచెం కొంచెం వదిలారు, పోటీ అయ్యాక తిరిగి నింపుకోలేదు. సాయంత్రం చల్లబడ్డాక అది ఇంకా పడిపోయింది. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ మారితే పీడనం సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది.

ఇక్కడ నాసా వాళ్ల పాత సూత్రం ఒకటి ఉపయోగపడింది. 1960లలో విమాన చక్రాల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది. లోతైన నీటిలో, గాడులు పనిచేయని టైరు నీటి మీద తేలడం మొదలయ్యే వేగం, గంటకు మైళ్లలో, పీఎస్ఐలలో కొలిచిన పీడనపు వర్గమూలానికి 10.35 రెట్లు. 35 పీఎస్ఐకి అది సుమారు 61 మైళ్లు. 28కి 55. ట్రెడ్ బాగున్న టైరుకు ఈ హద్దు చాలా పైన ఉంటుంది, కానీ ఆయన టైర్లు అప్పటికే సగానికి పైగా అరిగాయి. గంటకు డెబ్భై మైళ్లతో వెళ్లే రోడ్డు మీద అరిగిన ట్రెడ్, తగ్గిన గాలి రెండూ కలిసి ఎంత నష్టం చేస్తాయో ఆయన ఆ కాగితం మీది లెక్క చూసి వెంటనే గ్రహించారు. ఇంజనీరు కాబట్టి నేను చెప్పిన మాటలకంటే వర్గమూలాన్నే ఎక్కువ నమ్మారు.

మూడోది అరుగుదల తీరు. నెలవారీ కొలతల కాగితం ఇక్కడే పనికొచ్చింది. ఏడు నెలలకు, తొమ్మిది వేల మైళ్ల దగ్గర, ముందు టైర్ల బయటి అంచు అరుగుదల గుర్తుల మీదకు వచ్చేసింది. మధ్యలో ఇంకా 4/32 ఉంది. రెండు పోటీల మధ్య నెలల్లో బయటి అంచు పెద్దగా తగ్గలేదు, మధ్యభాగం నిదానంగా తగ్గింది. పోటీ ఉన్న నెలల్లో బయటి అంచు ఉన్నట్టుండి దిగింది. అంటే ఆఫీసు ప్రయాణం టైరు మధ్యను తింటోంది, ఆటోక్రాస్ అంచును తింటోంది. మధ్యలో బతికున్న రబ్బరంతా అంచు పోయినందువల్ల చెత్తకుప్పలోకి పోతుంది. టైరు ఎంత ఖరీదైనదైతే ఆ చెత్తకుప్ప అంత ఖరీదైనది.

ఇంకోటి ఉంది, అది కొలతలకు అందదు. ఆల్ సీజన్ టైరు జారే ముందు కీచుమంటుంది, డ్రైవరుకు ముందే చెబుతుంది. ఈ టైర్లు పెద్దగా అరవవు. పట్టు ఎక్కువ కాబట్టి ఆలస్యంగా తిప్పిన స్టీరింగ్‌ను కూడా కాపాడతాయి. సీజను చివర్లో మళ్లీ పక్కన కూర్చుంటే మొదట్లో చూసిన పొరపాట్లన్నీ అలాగే ఉన్నాయి. తేడా తగ్గింది కానీ తగ్గించింది డ్రైవరు కాదు.

వద్దన్న దారులు

రెండో సీజనుకు ముందు ఆయన రెండు ప్రతిపాదనలు తెచ్చారు.

మొదటిది, జారేది ముందు చక్రాలు కాబట్టి ముందు మాత్రమే ఆ 200 అంకె జిగురు టైర్లు, వెనుక చవకైన ఆల్ సీజన్. డబ్బు సగం మిగులుతుంది, ముందు జారడం కూడా తగ్గుతుంది. కాగితం మీద ఎంతో అందమైన ఆలోచన. దీన్ని మాత్రం నేను చేయనని చెప్పేశాను. ముందు పట్టు ఎక్కువై వెనుక తక్కువైతే, తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడో వేగంగా వరుస మారినప్పుడో వెనుక భాగం ముందుకు రావాలని చూస్తుంది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు వెళ్లే తేలిక కారులో అది మరింత ప్రమాదం. కోన్ల మధ్య కారు గిరగిరా తిరిగితే నవ్వుకుంటాం, టోల్ రోడ్డు మీద తిరిగితే నవ్వేవాళ్లుండరు.

రెండోది వేరే రిమ్ముల మీద రెండో సెట్. సూత్రప్రాయంగా ఇదే అన్నింటికన్నా సరైన జవాబు. ఈ కారు వెనుక సీటు మడిస్తే నాలుగు చక్రాలు లోపల పడతాయి. దీని కవల టయోటా 86 విషయంలో తయారీదారు గొప్పగా చెప్పుకున్న సంగతే అది. రిమ్ములు కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కానీ ఆ చక్రాలను మిగతా రోజుల్లో ఎక్కడ పెట్టాలి? గోదాములో చిన్న గది అద్దెకు తీసుకుంటే, పది పోటీల కోసం ఏడాది పొడవునా కట్టే అద్దె టైర్ల ఖరీదును దాటిపోతుంది. ఇంట్లోనే పెట్టుకుంటే నెలకోసారి రెండు అంతస్తులు మోయడం, చీకటితో లేచి చక్రాలు మార్చడం ఎన్నాళ్లు సాగుతుందో నాకు అనుభవమే. ఉత్సాహం మూడు పోటీల్లో చల్లారి, ఆ జిగురు టైర్లే కారు మీద ఉండిపోయి, అవే ఆఫీసుకు వెళ్తాయి. అంటే మళ్లీ మొదటి కథే. ఇల్లు మారేదాకా దీన్ని పక్కన పెట్టాం.

పనిచేసింది

మిగిలింది ఒకే సెట్. అప్పుడు ప్రశ్నను తిప్పి అడిగాను. ఈ టైరు సగం అరిగాక, వానలో, డెబ్భై మైళ్ల వేగంలో ఎలా ఉండాలి? ఈ పరీక్షలో నెగ్గినవాటిలో ఎండిన రోడ్డు మీద ఏది చురుకైనదో తర్వాత చూద్దాం. ఈ వరుసలో అడిగితే 200 టైర్లన్నీ మొదటి మెట్టులోనే రాలిపోతాయి. ఆల్ సీజన్ టైర్లు రెండో మెట్టులో రాలిపోతాయి, మలుపులో వాటి ట్రెడ్ దిమ్మలు వంగి వేడెక్కి ముక్కలవుతాయి. మిగిలేది మధ్య తరగతి, ఆ అంకె 300 పైన ఉండే మంచి వేసవి టైర్లు. ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ 02 లాంటివి, రెండింటి మీదా 340 ఉంటుంది. అలాంటివాటిలో ఒకటి ఎంచుకున్నాం.

కొలత దగ్గర కాసేపు చర్చ జరిగింది. ఆయనకు 225/45 కావాలి, వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ కదా అని. ఏడు అంగుళాల రిమ్ము మీద 225 కూర్చుంటుంది, తప్పేమీ కాదు. కానీ పక్క గోడలు లోపలికి లాగినట్టయి మలుపులో ఎక్కువ ఊగుతాయి, స్టీరింగ్ జవాబు ఒక క్షణం ఆలస్యమవుతుంది. చక్రం మొత్తం వ్యాసం కూడా తొమ్మిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే గేర్లు ఆ మేరకు బరువెక్కుతాయి. తక్కువ శక్తి ఉన్న ఈ ఇంజనుకు అది లాభం కాదు. ఎనిమిది అంగుళాల రిమ్ము ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. 215 దగ్గరే ఆగాం.

ఆ తర్వాత అసలు పని, అలైన్‌మెంట్. ముందు స్ట్రట్‌ను, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే కాడను, చక్రం మొదలుతో కలిపే పైబోల్టు స్థానంలో సన్నని బోల్టు వేస్తే చక్రాన్ని కాస్త లోపలికి వంచుకోవచ్చు. ఆయన తరగతిలో అది చెల్లుతుందని నిర్ధారించుకున్నాకే చేశాం. రెండు వైపులా సమానంగా మైనస్ ఒకటిన్నర డిగ్రీలకు కాస్త తక్కువలో నిలిపాను. ఆయన భయం లోపలి అంచు గురించి. ఆ భయం పూర్తిగా తప్పు కాదు, కానీ నేరం వేరేవాళ్లది. టైరును నిజంగా తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ప్రతి మైలులోనూ రబ్బరును పక్కకు ఈడుస్తూ వెళ్తాయి. క్యాంబర్ పెట్టిన తర్వాత టో తప్పకుండా మారుతుంది. దాన్ని సరిచేయకుండా వదిలేసినవాళ్లు పోయిన అంచును చూసి క్యాంబర్‌ను తిడతారు. ముందు టో సున్నాకు తెచ్చాను, వెనుక కొద్దిగా లోపలికి ఉంచాను, టోల్ రోడ్డు మీద నిలకడ కోసం.

గాలి సంగతి పోటీ స్థలంలోనే తేల్చాం. తెల్ల బూటు పాలిష్‌తో ప్రతి టైరు అంచు మీద, ట్రెడ్ నుంచి పక్క గోడ దాకా అడ్డంగా ఒక గీత గీస్తాం. పరుగు ముగించి వచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తాం. పక్క గోడ అంచు మీద చాలా టైర్లకు చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. పాలిష్ ఆ త్రిభుజం కొన దాకా చెరిగితే సరిపోయినట్టు. దాన్ని దాటి కిందకు చెరిగితే టైరు ఒరిగిపోతోంది, గాలి పెంచాలి. కొనకు చాలా పైనే ఆగితే గాలి ఎక్కువైంది. 40తో మొదలుపెట్టి తగ్గిస్తూ వచ్చాం, ముందు 37 దగ్గర గీత సరిగ్గా వచ్చింది. వెనుక 35 చాలు. ఇది తలుపు చీటీ మీది అంకెకు ఎంతో దూరం లేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ప్రమాదకరంగా తగ్గి ఉండే అవకాశమే లేకుండా పోయింది. అయినా డిక్కీలో చిన్న గాలి పంపు పెట్టించాను. టైర్లు చల్లబడ్డాక కొలిచి బయల్దేరాలన్నది నియమం.

ముందూ వెనకా ఒకే కొలత కావడం వల్ల అయిదు వేల మైళ్లకోసారి ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చాం. ట్రెడ్ ఇరువైపులా వేర్వేరు నమూనాతో ఉన్న టైరు కాబట్టి బయటి వైపు ఎప్పుడూ బయటే ఉంటుంది. అంచు భారాన్ని నాలుగు టైర్లకూ పంచడానికి అదొక్కటే దారి.

ఫలితం చెప్పాలంటే, కొలతకర్ర సభ్యుడితో తేడా మొదటి పోటీలో దాదాపు ఒక సెకను పెరిగింది. ఆయన ముఖం చూస్తే జాలేసింది. సీజను సగానికి వచ్చేసరికి ఆ సెకనులో సగానికి పైగా తిరిగి వచ్చింది. టైరు మారలేదు కాబట్టి ఆ భాగం చేతులదే. టైరు మళ్లీ అరవడం మొదలుపెట్టింది, ఎక్కడ ఎక్కువ తిప్పుతున్నారో ఆయనకే వినపడింది. కొలతల కాగితం మీద పది వేల మైళ్ల తర్వాత బయటి అంచుకూ మధ్యకూ తేడా 1/32 దాటలేదు. లోపలి అంచు కూడా వాటితో సమానంగానే ఉంది.

జులైలో ఒక ఇబ్బంది వచ్చింది. సహోద్యోగి ఒకరు అదే కారుతో పోటీ చేశారు, అంటే పరుగుల మధ్య విరామం సగమైంది. మూడో పరుగు నుంచి టైర్లు వేడెక్కి, నూనె రాసిన నేల మీద నడిచినట్టు జారాయి. తోటకు మందు కొట్టే పంపుతో నీళ్లు చల్లి చల్లార్చడం చాలామంది చేసే పని. మేమూ చేశాం, కొంత గుణం కనిపించింది. రెండో డ్రైవరు రోజూ ఉండేటట్టయితే ఈ తరగతి టైరు నేను సూచించేవాణ్ణి కాదు.

నేర్చుకున్నది

ఈ కేసు తర్వాత నా దగ్గర అడిగే ప్రశ్నల వరుస మారింది. ఇంతకు ముందు ‘ఏడాదికి ఎన్ని పోటీలు?’ అన్నది మొదట వచ్చేది. ఇప్పుడు రెండో సెట్ పెట్టుకోవడానికి చోటు ఉందా అన్నది మొదటి ప్రశ్న. చోటు ఉంటే 200 టైర్ల గురించి మాట్లాడుకోవచ్చు, రోజూ తిరిగే సెట్ ఏదైనా కావచ్చు. చోటు లేకపోతే వాన ప్రశ్న ముందుకు వస్తుంది, పోటీ ప్రశ్న వెనక్కి పోతుంది.

ట్రెడ్ లోతు మూడు చోట్ల కొలవడం ఇప్పుడు అందరికీ చేస్తున్నాను. ఒక్క మధ్యలోనే కొలిస్తే ఈయన మొదటి సెట్ ఇంకా బాగుందనే అనుకునేవాళ్లం. ఇది అయిదు నిమిషాల పని. టైరు తప్పా, కోణం తప్పా అన్నది దీనంత చవకగా చెప్పేది ఇంకేదీ లేదు.

మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు జిగురు టైర్లు అమ్మడానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ సంకోచిస్తాను. అమ్మనని కాదు. అంత గట్టి నియమం పెట్టుకోవడానికి ఒక్క కేసు చాలదు. కొందరు వేగంగా నేర్చుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఏ టైరైనా అడ్డు కాదు.

ఆయన మొన్న వసంతంలో గ్యారేజీ ఉన్న ఇంటికి మారారు. రెండు నెలలకే సెకండ్ హ్యాండ్ రిమ్ముల మీద 200 టైర్ల సెట్ చేరింది, ఈసారి నేనే సరేనన్నాను. పోటీ రోజు ఉదయం అవి వెనుక సీటు మడిచిన చోట కారులో వస్తాయి, అక్కడే మార్చుకుంటారు. 120 న్యూటన్ మీటర్లకు పెట్టిన టార్క్ రెంచ్, చిన్న జాకు వాటితోపాటు వస్తాయి. కొత్త సెట్‌తో మొదటి పోటీలో తేడా సెకనులో మూడో వంతుకు దిగింది. ఇప్పుడు భార్య కూడా తోలతానంటున్నారట. ఒకే సెట్, ఇద్దరు డ్రైవర్లు, ఆగస్టు ఎండ. కాబట్టి వేడి తట్టుకునే విషయంలో ఏ052కూ ఆర్ఎస్4కూ మధ్య ఎంపిక మళ్లీ చూడాలి. నా మొగ్గు ఆర్ఎస్4 వైపు. ఆమె మొదటి పోటీలో పాలిష్ గీతలు చూశాక చెబుతానన్నాను.